దారం తెగలేదు

లార్డ్ హౌ దీవి
30 జూలై 1918

తమ్ముడు క్లెమెంటుకి,

నీ కార్డు మొన్నటి స్టీమర్లో అందింది. నాలుగు ముక్కలు రాశావు, అందులో మూడు సిడ్నీ చలి గురించే. నువ్వెక్కిన ఓడ ఈసారి దేన్నీ గుద్దుకోకుండా రేవు చేరిందని తెలిశాక అమ్మ కడుపునిండా తిన్నది.

ఇక్కడ ఇంకా అందరి నోటా ఆ పది రోజుల మాటే. ఓడ రాతికి తగిలి, అడుగున కన్నం పడి, మన ఉత్తరపు ఒడ్డున ఇసుకలోకి ఎక్కేసిందా, ఆ కన్నం పూడ్చేదాకా దీవంతా వరసకట్టి సరుకు దించాం. నువ్వు మాత్రం ఒక్క మూట ముట్టుకోలేదు. పట్నం వెళ్ళే దొరబాబువి కదా, నీ ట్రంకుపెట్టె మీద కూర్చుని దానికి కాపలా కాశావు. గడ్డి కుక్కిన పింగాణీ పెట్టెలు తడిసిపోతాయని కెప్టెన్ ఒకటే మొత్తుకుంటుంటే, వాటిని మిట్ట మీదికి ఈడ్చింది నేనూ ఇష్మాయిలూ. చేతుల మీద బొబ్బలు మొన్నటికి మానాయి.

ఆ పెట్టెల మీద కూర్చునే అతను అడిగాడు. నీకు చెట్టెక్కడం నేర్పిన ఇష్మాయిలే, ఇంకో ఇష్మాయిల్ మన దీవిలో లేడు. "టబితా, నీకు ముప్ఫై ఆరు, నాకు నలభై రెండు. ఇంకా ఎవరైనా వస్తారని చూస్తున్నావా?" అన్నాడు. "ఓడలు ఇలాగే గుద్దుకుంటూ ఉంటే ఎవరో ఒకడు దిగకపోడు," అన్నాను. అతను నవ్వలేదు. నా బొబ్బల చేతికి తన జేబురుమాలు చుట్టి, "అయితే నేను దిగినట్టే అనుకో," అన్నాడు. ఒప్పుకున్నాను. ఈస్టరుకి, పామ్ గింజల కోతకి ముందే పెళ్ళి.

నాన్న పోయాక ఇంటికి మగదిక్కు నువ్వేనట, నిన్ను అడగాలట. అమ్మ మాట. నవ్వాపుకుని అడుగుతున్నాను, నీకు సమ్మతమేనా?

అమ్మ ఎప్పటిలాగే బైబిలు వెనక పేజీల్లో రాసుకుంది. మొదటి ఆవు దిగిన రోజు, పెద్ద గాలివాన, తాతయ్య పడవ పోయిన రోజు, అన్నిటికీ తలా ఒక వరుస ఉంది కదా, వాటి కింద: "1918 జూన్. ఓడ ఒడ్డుకెక్కింది. పది రోజులు. అందరూ క్షేమం. నష్టం ఏమీ లేదు." నా పెళ్ళి మాట రాయమంటే, "జరిగాక రాస్తా, జరగబోయేవి రాయడానికి నేను ప్రవక్తనా?" అంది.

నీ అక్క,
టబిత


సిడ్నీ
5 సెప్టెంబర్ 1918

అక్కా,

గింజల వ్యాపారి గోడౌన్లో గుమాస్తా పని దొరికింది. మన దీవి పామ్ గింజలు ఇక్కడికే వస్తాయి. ఇక్కణ్ణించి లండన్ దొరల హాళ్ళలో కుండీలకి వెళతాయి. బస్తా విప్పగానే మన ఇంటి వెనక వాసన కొట్టి, మొదటిరోజు కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. ఇది అమ్మకి చెప్పకు.

అద్దెగది రేవు పక్కన. ఇంటావిడ మంచిదే గానీ ఇంట్లో ఎలుకలున్నాయి అక్కా, ఒక్కొక్కటీ పిల్లికూనంత. గోడ ఎక్కుతాయి, తీగ మీద నడుస్తాయి. సబ్బు తిన్నాయి. కొవ్వొత్తులు తిన్నాయి. మేకుకి తగిలించుకున్న నా కాలి బందం, చెట్టెక్కేటప్పుడు కాళ్ళకి తగిలించుకోమని ఇష్మాయిలన్న నాకు చిన్నప్పుడు చేసిచ్చిన తోలు బందం, దాన్ని కూడా సగం కొరికేశాయి.

ఇక నువ్వడిగిన సంగతి. నవ్వాపుకుని అడిగావు, నేను నవ్వకుండానే చెబుతున్నాను. ఇష్మాయిలన్న మంచి పనివాడు. కానీ అతనికి తోట లేదు. వాళ్ళ తాత తిమింగలాల వేట ఓడ దిగి ఉండిపోయినవాడు, మూడు తరాలుగా ఎవరి చెట్లో ఎక్కి బతుకుతున్నారు. మన తోటేమో దీవిలో కల్లా మంచిది, కొండవాలున ఉన్నది. నలభై రెండేళ్ళదాకా రాని ప్రేమ, నేను ఓడెక్కి వెళ్ళిపోతున్న వారంలోనే ఎందుకొచ్చింది? నేనేమీ అనడం లేదు. ఆలోచించుకో అంటున్నాను.

క్లెమెంట్


లార్డ్ హౌ దీవి
24 నవంబర్ 1918

మగదిక్కు గారికి,

"నేనేమీ అనడం లేదు" అంటూ అనాల్సినవన్నీ అనేశావు. వారం రోజులు నీ ఉత్తరాన్ని పిండిడబ్బా వెనక దాచాను, అమ్మ చదవకుండా. అతనికి తోట లేకపోతే నాకేమిటి? నన్ను చేసుకోమని నేను తోటని పంపలేదు. ఇంకోసారి ఇలా రాస్తే నీ చిన్నప్పటి సంగతులు మీ గోడౌన్ యజమానికి రాస్తాను, పక్క తడిపిన వయసుతో సహా.

యుద్ధం అయిపోయిందట! నిన్న స్టీమర్ వాళ్ళు చెప్పారు. అప్పటికే పన్నెండు రోజులైంది. మనవాళ్ళు ఒడ్డున పెద్ద మంట వేశారు. అందరం పాడాం. పాడుతూనే అందరూ అందర్నీ లెక్కేసుకున్నారు, మంట దగ్గరికి ఎవరు రాలేదా అని. ఎందుకంటావా? చెబుతాను.

గింజలు పోతున్నాయి. రెండు నెలలుగా. ఏళ్ళ తరబడి చెట్టున ఉండి ఎర్రబడాల్సిన గెలలు, ఇంకా పచ్చివే, ఖాళీ అయిపోతున్నాయి. చెట్టు కింద తొక్కలు పడుంటున్నాయి. మొదట పక్కింటి ప్రౌటమ్మ తోటలో, తర్వాత మనదాంట్లో. కమిటీ కోతకి చాటిన రోజుకి ముందు గెల తెంపినవాడికి తోట పోతుంది, చేపల వేటకి ఎవరూ పడవలో ఎక్కనివ్వరు. ఆ కట్టడి నీకు తెలుసు. మన తాతల నాటినుంచి ఒక్కరూ దాన్ని దాటలేదు. ఇప్పుడెవరో దాటుతున్నారు.

అదొక్కటే కాదు. మన వంటింట్లో కొవ్వొత్తులు పోయాయి. కొవ్వొత్తులు తమ్ముడూ! ఎవరికి గతిలేక ఎత్తుకుపోతారు? ఆ ముందురోజు ప్రౌటమ్మ అరారూట్ పిండి అడగడానికి వచ్చింది. అమ్మ ఆవిడతో మాట్లాడ్డం మానేసింది. ఆవిడా మనతో మానేసింది, ఆవిడ సబ్బు పోయిందట. స్టీమర్లో తొమ్మిది తాళాలు దిగాయి. మన దీవిలో తాళం అనే వస్తువు చూడ్డం నాకు ఇదే మొదలు. ఓబద్యా పెద్దాయన తన తాళం వేసుకుని, తాళంచెవి పోగొట్టుకుని, కిటికీలోంచి ఇంట్లోకి దూరాడు.

నీ ఎలుకల కోతలకి అమ్మ బాగా నవ్వింది. మనకి తెలిసినవి బొటనవేలంత చిట్టెలుకలు, నేలమీద గింజ కొరుక్కుని పోయేవి. పిల్లికూనంత ఎలుకట, తీగ మీద నడుస్తుందట! పట్నం వెళ్ళినవాళ్ళందరూ ఇలాగే చెబుతారు.

నీ అక్క


సిడ్నీ
18 డిసెంబర్ 1918

అక్కా,

కోప్పడితే కోప్పడు గానీ నేనడిగే రెండు ప్రశ్నలకి జవాబు చెప్పు. ఖాళీ అయిన చెట్ల మానుకి బందం ఒరిపిడి గీతలున్నాయా? వెళ్ళి చూడు. ఇష్మాయిల్ ఆ నెలల్లో రాత్రిళ్ళు ఎక్కడున్నాడు?

గీతలు ఉంటే ఎవరైనా కావచ్చు. లేకపోతే ఒక్కడే. బందం లేకుండా ఉత్త పాదాలతో ఎక్కేవాడు మన దీవిలో ఎవడో నాకంటే నీకే బాగా తెలుసు. ఆ పాదాలు చూసి చిన్నప్పుడు నేను దణ్ణం పెట్టేవాణ్ణి.

ఇంకోటి. పచ్చి గింజ ఒక్కటి కూడా మా గోడౌనుకి రాలేదు. అంటే ఎక్కడో దాస్తున్నాడు. ఎందుకు దాస్తాడు? పెళ్ళయి తోట చేతికొచ్చాక మన గింజల్లో కలిపి అమ్ముకోవడానికి.

నీకు క్రిస్మస్ కానుకగా పంపుదామని కొన్న చాక్లెట్ పెట్టె మూల కొరికేశాయి, ఆ దరిద్రగొట్టు ఎలుకలే. ఇంకోటి కొనే స్తోమత లేదు. జేబురుమాళ్ళు పంపుతున్నాను.

క్లెమెంట్


లార్డ్ హౌ దీవి
21 ఫిబ్రవరి 1919

క్లెమెంట్,

నీ ఉత్తరం చదివి చింపేశాను. చింపేశాక చెట్ల దగ్గరికి వెళ్ళాను. ఒరిపిడి గీతలు లేవు.

ఒక్క మానుకీ లేవు. నున్నగా ఉన్నాయి. పైన గెల మాత్రం బోసిగా ఉంది.

అప్పటికీ నేను నమ్మలేదు. నల్లదారం తీసుకుని, పొద్దువాలే వేళ ఎవరూ చూడకుండా, మన తోటలో నలభై చెట్ల మానులకి నడుమెత్తున ఒక్కో పేట చుట్టి కట్టాను. మనిషన్నవాడు ఎక్కితే తెగక తప్పదు. మర్నాడు పొద్దున వెళ్ళి చూశాను. ఒక్క దారం తెగలేదు. కింద తాజా తొక్కలు పడి ఉన్నాయి.

నేను అక్కడే కూర్చుండిపోయాను తమ్ముడూ. నీకు గుర్తుందా, నీకు ఆరేళ్ళప్పుడు పందెం కట్టి, ఏడు చెట్లు, నేలమీద కాలు పెట్టకుండా, ఒక చెట్టు తల మీంచి ఇంకో చెట్టు తలకి దాటుకుంటూ పోయాడు ఇష్మాయిల్. దీవంతా కింద నిలబడి కేకలేసింది. ఎక్కడో గట్టుమీద ఒక్క చెట్టెక్కితే చాలు, అతను తోటంతా తిరిగి రాగలడు. ఆ పని చెయ్యగలిగినవాడు పుట్టి ఒక్కడే పుట్టాడు.

ఆ తొక్కలన్నీ ఏరి పిండిసంచిలో పోశాను, సాక్ష్యం ఉంటుందని. సంచి వంటింటి బల్లకింద పెట్టాను. ఆ సాయంత్రమే అతను టీకి వచ్చాడు. కాలికి సంచి తగిలి మూతి తెరుచుకుంది. వంగి చూశాడు. మొహం పాలిపోయింది. నాలుగు తొక్కలు చేతిలోకి తీసుకున్నాడు. టీ తాగకుండా లేచి, గుమ్మం దగ్గర ఆగి, "టబితా, నాకు చెప్పుకోవాల్సినదేమన్నా ఉంటే చెప్పుకో," అన్నాడు. "నువ్వే చెప్పు," అన్నాను. "నాదేముంది," అని వెళ్ళిపోయాడు.

నన్ను ఎదురడుగుతాడా! ఎంత గుండె!

అయినా ఆ రుమాలు ఇంకా నా పెట్టెలోనే ఉంది. పారెయ్యలేకపోతున్నాను. నాకు సిగ్గుగా ఉంది.

అమ్మ నిన్నొక మాట అంది. పొద్దున్నే గుమ్మం ముందుకొచ్చి రొట్టెముక్కలు ఏరుకునే గోధుమరంగు పిట్టలు ఈ ఏడు రావడం లేదట. పాట కూడా వినపడ్డం లేదట. "మనుషులు ఒకళ్ళనొకళ్ళు చూసుకోవడం మానేశాక వాటికి మాత్రం ఏం ఉండబుద్ధవుతుంది?" అంది. పైకప్పులో రాత్రంతా ఏదో గరగరమంటోందని కూడా అంటోంది. ముసలితనం.

టబిత


సిడ్నీ
14 మార్చి 1919

అక్కా,

ఇక్కడ జ్వరాలు. అందరం మూతికి గుడ్డ కట్టుకుని తిరుగుతున్నాం. ఎవరు ఎవరో తెలియడం లేదు. ఎక్కువ రాయలేను.

ఈస్టరు లోపల చెప్పు. పదిమందిలో చెప్పు. నువ్వు చెప్పకపోతే, రేపు అది బయటపడిన రోజున నువ్వూ వాడూ కలిసే చేశారంటారు. తోట పోతుంది. అమ్మ ఎక్కడికి పోతుంది?

నాకు చెట్టెక్కడం నేర్పినవాడు. అయినా చెప్పు.

క్లెమెంట్


లార్డ్ హౌ దీవి
17 ఏప్రిల్ 1919, మధ్యాహ్నం

క్లెమెంట్,

చెప్పాను. సాయంత్రం స్టీమర్ కదులుతుంది, ఈలోపల రాస్తున్నాను. ఈ ఉత్తరమూ అతనూ ఒకే ఓడలో వస్తున్నారు.

ఈ ఉదయం పడవల కొట్టంలో కమిటీ కూర్చుంది. కోత తేదీ చాటాలి కదా. చాటడానికి గెలలేవీ? ఓబద్యా పెద్దాయన లేచి, "ఎవరికైనా ఏమైనా తెలిస్తే ఇప్పుడే చెప్పండి," అన్నాడు. నేను లేచాను. పడవ అంచు పట్టుకున్నాను. గీతలు లేని సంగతి చెప్పాను. దారాల సంగతి చెప్పాను. ఏడు చెట్ల పందెం గుర్తుచేశాను. పేరు నేను చెప్పక్కర్లేకపోయింది. అందరూ అతని కాళ్ళవైపు చూశారు. చెప్పులు లేని ఆ కాళ్ళని. అయినా ఓబద్యా, "పేరు చెప్పమ్మా," అన్నాడు. చెప్పాను.

కొట్టమంతా గగ్గోలైంది. "వాడి తాత కూడా అంతే!" అన్నారెవరో. వాడి తాత ఏం చేశాడో ఎవరికీ తెలియదు. ప్రౌటమ్మ, "నా సబ్బు కూడా వీడేనా?" అంది. ఇంకో రోజైతే నవ్వేదాన్ని.

అతను లేచి నిలబడ్డాడు. నావైపే చూశాడు. కోపం లేదు తమ్ముడూ, అదే నన్ను తినేస్తోంది. జాలిపడుతున్నట్టు చూశాడు. "టబిత చెప్పింది కదా. నేనే అనుకోండి," అన్నాడు. అంతే. "అనుకోవడమేంటి, అవునా కాదా?" అని ఓబద్యా గద్దించాడు. "అవును. ఇంకెవర్నీ అడక్కండి. ఇవాళ్టి స్టీమర్లో పోతాను," అన్నాడు.

ఒక్క మూటతో, స్టీమరుకి చేర్చే పడవెక్కాడు. పడవ మీదికి ఎవరూ చెయ్యి ఇవ్వలేదు.

దొంగ తప్పొప్పుకుంటే గుండె తేలికపడాలి కదా? నాకెందుకు పడలేదు? నువ్వు తెలివైనవాడివి, చెప్పు.

అమ్మ రాసింది: "1919 ఏప్రిల్. గింజల దొంగతనం. ఇష్మాయిల్ ఒప్పుకున్నాడు. దీవి విడిచాడు." రాసి బైబిలు మూసి, కోళ్ళకి మేత వెయ్యడానికి పోయింది.

టబిత


సిడ్నీ
25 మే 1919

అక్కా,

కూర్చుని చదువు. అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

ఇష్మాయిల్ దొరికాడు. నేను వెతకలేదు. కిందటి ఆదివారం మధ్యాహ్నం వాడే నా గది వెతుక్కుంటూ వచ్చాడు. కాళ్ళకి ఎవరివో బూట్లు, కుంటుతూ. నేను కుర్చీ వెయ్యలేదు. "ఎందుకొచ్చావు?" అన్నాను.

"నీకో మాట చెప్పి పోదామని. రేపు కలప ఓడెక్కుతున్నా, న్యూజిలాండుకి," అన్నాడు. జేబులోంచి ఒక గుడ్డముక్క తీసి విప్పాడు. అందులో నాలుగు గింజల తొక్కలు. "మీ అక్క వంటింట్లోవి. క్లెమెంటూ, మీ అక్కకి రాయి, ఇంక ఆపెయ్యమని. నీకోసమే చేస్తోందని నాకు తెలుసు. గోడౌన్లో నువ్వున్నావు, అమ్మిపెడుతున్నావు. మిమ్మల్ని నేనేమీ అనను. కానీ తొక్కలు ఇలా పళ్ళతో కొరికి ఒలిచి పారేస్తే ఎవరో ఒకరు చూస్తారు. ఈసారి నామీద వేసుకున్నాను. ఇంకోసారి వేసుకోవడానికి నేనుండను కదా."

నాకేమీ అర్థం కాలేదు. "ఏం చేస్తోంది మా అక్క?" అన్నాను.

"నాకు చెప్పకురా. పొద్దువాలే వేళ ఒక్కత్తే తోటలో, ఒక్కో చెట్టుకీ గుర్తుగా దారాలు కట్టుకుంటుంటే నా కళ్ళతో చూశాను. మర్నాడే బల్లకింద సంచెడు తొక్కలు. చెప్పుకోవే అని అడిగాను, చెప్పలేదు. కొట్టంలో భయపడిపోయి, ఆ దారాలు దొంగని పట్టడానికి కట్టానని కథ అల్లి నా పేరు చెప్పేసింది. పోనీలే అనుకున్నా. దానికి అమ్మ ఉంది, తోట ఉంది. నాకేముంది పోగొట్టుకోవడానికి?"

అక్కా, ఆయన నిన్ను దొంగనుకున్నాడు. నువ్వు వల పన్నుతుంటే చూసి, నువ్వే దొంగవనుకున్నాడు. అనుకుని, నీ తప్పు తన నెత్తిన వేసుకున్నాడు.

నేను ఆ తొక్కలు చేతిలోకి తీసుకున్నాను. అంచున రెండేసి గాట్లు, పక్కపక్కన, ఉలితో చెక్కినట్టు. ఇలాంటివి ఎక్కడో చూశానే అనిపించింది. అంతలో దూలం మీద ఒకటి పరిగెత్తింది. పట్టపగలు, దర్జాగా. ఇష్మాయిల్ ఎగిరి మంచమెక్కాడు. "అదేంటిరా అది!" అని అరిచాడు. నలభై రెండేళ్ళ మనిషి, కొండ అంచున నిలబడి నవ్వే మనిషి, గోడకి కరుచుకుపోయాడు. "ఎలుక," అన్నాను. "ఎలుక అంత ఉంటుందా? అది దూలమెలా ఎక్కింది?" అన్నాడు.

అప్పుడు నేను లేచి, మేకునున్న నా కాలి బందం తీసి, కొరికిన చోట ఆ తొక్క పెట్టి చూశాను. అవే గాట్లు.

ఏడాదిగా ఆ దొంగ నా మంచం పక్కనే తింటోంది అక్కా. కొవ్వొత్తులని రాశావు, సబ్బని రాశావు, పైకప్పులో గరగర అని రాశావు. నేను కూడా అవే రాశాను. నీ ఉత్తరంలో సగం, నా ఉత్తరంలో సగం. నేను చేసిందల్లా ఇష్మాయిల్ పాదాల గురించి ఆలోచించడం. ఇంకా ఉంది. ఆ జూన్లో నా పెట్టె మీద కాపలా కూర్చున్నప్పుడు, మీరు ఈడ్చిన గడ్డిపెట్టెల్లోంచి ఏదో దూకి పొదల్లోకి పోవడం చూశాను. నేలపిట్ట అనుకున్నాను. నా పెట్టె కాదు కదా అని ఊరుకున్నాను.

ఇంక ఆయన్ని వాడు అని రాయలేను. బావ అనడానికి నాకు నోరు లేదు. కుర్చీ వేశాను. నీ అనుమానం, నా అనుమానం, నా ఉత్తరాలు, దారాలు ఎందుకు కట్టావో, అన్నీ చెప్పాను. వింటూ వింటూ నవ్వాడు. నవ్వి నవ్వి, బూట్లు విప్పుకుని తన కాళ్ళు తనే పట్టుకుని ఏడ్చాడు. తిరిగి రమ్మని కాళ్ళమీద పడ్డాను. లేపాడు.

"కోపం లేదురా," అన్నాడు. "ఆమె దొంగ అనుకుని కూడా నేను ఆమెనే చేసుకుందామనుకున్నాను. నేను దొంగననుకోగానే ఆమె పదిమందిలో నా పేరు చెప్పింది. ఆ పని ఎలుక చెయ్యలేదు కదా."

మర్నాడు ఓడెక్కాడు. ఆ ఓడ సెప్టెంబరులో తిరిగి సిడ్నీ వస్తుందట. నేను రేవులోనే ఉంటాను.

తప్పు నాది. నేను రాయకపోతే నువ్వు చూసేదానివి కాదు. నన్ను తిట్టు.

క్లెమెంట్


లార్డ్ హౌ దీవి
6 జూలై 1919

తమ్ముడూ,

నిన్ను తిట్టను. చూసింది నేను, కట్టింది నేను, చెప్పింది నేను. నువ్వు రాసిన మాట నాలో ఎక్కడో లేకపోతే నువ్వెన్ని రాసినా చింపి పొయ్యిలో పడేసేదాన్ని.

నీ ఉత్తరం రాకముందే తెలిసింది. అతను వెళ్ళిన వారానికే మళ్ళీ గెలలు పోవడం మొదలైంది. అందరూ ఇప్పుడు నన్ను చూడసాగారు. దారాల కథ అల్లింది ఇదే కదా అని. ప్రౌటమ్మ నా మొహం మీదే తలుపేసింది. ఊరంతా అలా చూస్తే అతనికెలా ఉండి ఉంటుందో ఆ మూడు వారాల్లో నాకు కొంచెం అర్థమైంది. కొంచెమే. నాకు అమ్మైనా ఉంది.

తర్వాత ఒక పొద్దున అమ్మ వంటింట్లో ఇస్త్రీపెట్టెతో ఒకదాన్ని చంపింది. చంపి, తోక పట్టుకుని నా బల్లమీద పెట్టి, "నీ తమ్ముడు కోతలు కొయ్యలేదే," అంది. నువ్వన్నట్టే పిల్లికూనంత ఉంది. నిన్న నీ ఉత్తరం వచ్చింది. పడవల కొట్టంలో అందర్నీ పిలిచి, ఏప్రిల్లో నిలబడ్డ చోటే నిలబడి, మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివాను. నా గురించి అతనన్న ఆఖరి మాటలు కూడా. ఓబద్యా టోపీ తీశాడు. చివర్న ప్రౌటమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుని, "నా సబ్బుకి నేను మీ అమ్మని అనుకున్నా," అని ఏడ్చింది. ఇప్పుడు తోక తెచ్చినవాళ్ళకి కమిటీ ఇంతని ఇస్తోంది. ఊరంతా కర్రలు పట్టుకుని తిరుగుతోంది. ఆలస్యమైపోయింది. గోధుమపిట్టల గూళ్ళు వెతికాను, ఒక్కదాంట్లోనూ గుడ్డు లేదు, కొరికిన పెంకులే ఉన్నాయి. తెల్లారితే దీవి ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు తెలియదు.

సెప్టెంబరులో అతను కనిపిస్తే, అప్పుడు నా చేతికి చుట్టిన ఈ రుమాలు ఇవ్వు. ఉతికి మడతపెట్టాను. తిరిగి రమ్మని నేను అడగనని చెప్పు. అడిగే హక్కు నాకు లేదు. అతనన్నది అక్షరాలా నిజమని, ఆ పని ఎలుక చెయ్యలేదని, నేనే చేశానని, ఇదే మాట పదిమందిలో ఒప్పుకున్నానని మాత్రం చెప్పు. వస్తే, పడవ మీదికి నేను చెయ్యిస్తాను. రాకపోతే అది నాకు తగిందే.

చెట్లకి కట్టిన దారాలు ఇవాళ విప్పుదామని వెళ్ళాను. నలభై ఉన్నాయి, ఒక్కటీ తెగలేదు. విప్పలేక వచ్చేశాను.

రాత్రి అన్నాలయ్యాక బైబిలు తీసి, ఏప్రిల్ వరుస కొట్టెయ్యమని అమ్మని అడిగాను. "రాసింది కొట్టెయ్యకూడదు. కావాలంటే కింద రాయి," అని కలం నాకిచ్చింది. ఆ పేజీల్లో నేను రాయడం ఇదే మొదటిసారి. ఇలా రాశాను: "1919 జూలై. దొంగ దొరికింది. ఎలుక. ఓడలో వచ్చింది. ఇష్మాయిల్ ఏ తప్పూ చెయ్యలేదు. నింద వేసింది టబిత."

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. తర్వాత వేలితో వరుసల మీంచి పైకి వెళ్ళి, కిందటేడు జూన్ దగ్గర ఆగింది. "నష్టం ఏమీ లేదు" అన్నచోట. కలం తీసుకుని, దానికింద ఏదో రాయబోయి, ఏం రాయాలని నావైపు చూసింది. సిరా ఆరిపోయేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.

నీ అక్క,
టబిత